వన్నె: ఐడిల్‌కు రంగులు దిద్దే సాధనం – ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి సెలవుల తరువాత

పైతాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే, ప్రోగ్రామ్‌లు రాసుకునే ఐడిల్ ఎడిటర్‌లో రంగుల థీమ్‌లను సులువుగా మార్చుకోవడానికి ఒక చిన్న సాధనం తయారు చేసే పని మొదలుపెట్టాను. దానికి వన్నె అని పేరు పెట్టుకున్నాను. తిరుపతి బైరాగిపట్టెడలో డిగ్రీ విద్యార్థులకు సాయంత్రం పూట పైతాన్ నేర్పే మా గదిలో ఉన్నవన్నీ పాత కంప్యూటర్లే. పెద్ద ఎడిటర్లు వాటిలో తెరుచుకునేలోపు పాఠం సగం అయిపోతుంది కాబట్టి, 1.5.2 సంచిక నాటి నుంచి పైతాన్‌లో భాగంగా ఉంటూ, వేరే ఏదీ దించుకోనవసరం లేకుండా పనిచేసే ఐడిల్‌నే మేము వాడుతున్నాము.

రంగులు మార్చుకునే ఏర్పాటు ఐడిల్‌లో లేకపోలేదు. ఆప్షన్స్ మెనూలో కాన్ఫిగర్ ఐడిల్ విండోను తెరిచి హైలైట్స్ భాగంలోకి వెళితే ఒక నమూనా ప్రోగ్రామ్ కనిపిస్తుంది. అందులో ఏ పదం మీద నొక్కితే ఆ రకం ఎంపికవుతుంది. ఆ తరువాత అక్షరం రంగా, వెనుక రంగా అన్నది చెప్పి, రంగుల పెట్టె తెరిచి కావలసినది ఎంచుకోవచ్చు. ముందే ఉన్న ఐడిల్ క్లాసిక్, ఐడిల్ న్యూ, ఐడిల్ డార్క్ థీమ్‌లను అది మార్చనివ్వదు. వాటిలో ఏ రంగు తాకినా కొత్త పేరుతో దాచుకోమంటుంది. ఇది మంచి పద్ధతే, వన్నెలోనూ దీన్నే పాటించాలని నిర్ణయించుకున్నాను.

నాకు చాలనిది మరొకటి. ఒక థీమ్‌లో సుమారు ముప్పై రంగు విలువలుంటాయి. ఐడిల్ వాటిని ఒక్కొక్కటిగా అడుగుతుందే తప్ప, ఎంచుకున్న రంగు వెనుక రంగు మీద చదవడానికి వీలుగా ఉందా, పక్కనే వచ్చే మరో రంగుతో కలిసిపోతుందా అన్నది చెప్పదు. వెనుక రంగు మార్చాలంటే కీవర్డుకు (భాష తనకే కేటాయించుకున్న పదం), స్ట్రింగ్‌కు (కోట్స్ మధ్య రాసే మాటలు), కామెంట్‌కు (ప్రోగ్రామ్ పక్కన రాసుకునే వివరణ), షెల్‌లో (ఆదేశం ఇవ్వగానే జవాబు చూపే విండోలో) వచ్చే ఫలితానికి, అన్నిటికీ విడివిడిగా మార్చాలి. ఒకటి మరిచిపోతే నల్లని పేజీలో ఆ పదాల వెనుక మాత్రం తెల్లని పట్టీలు మిగులుతాయి. వన్నె ఒక్కొక్క రంగును అడగకూడదు; రంగుల మధ్య ఉండవలసిన సంబంధాన్ని అడిగి, విలువలను తానే లెక్కకట్టాలి. ఈ పనంతటికీ ఇదే ఆధారం.

జనవరి చివర

మొదటి దశలో ఐడిల్ తన థీమ్‌లను ఎక్కడ, ఎలా దాస్తుందో కనుక్కొని, వాటిని వన్నె చేత చదివించాను. వాడుకరి హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఐడిల్‌ఆర్‌సీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో కాన్ఫిగ్-హైలైట్ అనే ఫైల్‌లో మనం తయారు చేసుకున్న థీమ్‌లు, కాన్ఫిగ్-మెయిన్ అనే ఫైల్‌లో ప్రస్తుతం ఏ థీమ్ నడుస్తోందన్న సమాచారం ఉంటాయి. రెండూ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. చదరపు బ్రాకెట్లలో థీమ్ పేరు, దాని కింద వరుసగా ఒక్కొక్క రకానికి అక్షరం రంగు, వెనుక రంగు. కర్సర్‌కు మాత్రం వెనుక రంగు లేదు.

పైతాన్‌లో ఇలాంటి ఫైళ్ల కోసం సిద్ధంగా ఉన్న కాన్ఫిగ్‌పార్సర్ అనే మాడ్యూల్‌తో (కోడ్ భాగంతో) వీటిని చదవడం నాలుగు వాక్యాల పని. అయితే ఆ మాడ్యూల్ స్వభావం కొంత తెలిసి ఉండాలి. హాష్ (#) గుర్తుతో మొదలయ్యే వాక్యాన్ని అది వ్యాఖ్యగా, అంటే కామెంట్‌గా తీసుకుంటుంది. రంగు విలువ కూడా హాష్‌తోనే మొదలవుతుంది. పైతాన్ 3లో వాక్యం మధ్యలో వచ్చే హాష్‌ను వ్యాఖ్యగా పరిగణించకపోవడం ముందుగానే ఉన్న నియమం కనుక రంగులు చెక్కుచెదరకుండా వస్తాయి. ఫైల్‌ను తిరిగి రాసేటప్పుడు మాత్రం ఎవరైనా చేత్తో రాసుకున్న వ్యాఖ్యలు ఎగిరిపోతాయి. అందుకని రాయడానికి ముందు పాత ఫైల్‌కు నకలు తీసి పక్కన ఉంచే ఏర్పాటు చేశాను. పెద్ద అక్షరాలలో డిఫాల్ట్ అన్న పేరు ఆ మాడ్యూల్‌కు ప్రత్యేకమైనది. ఆ పేరుతో థీమ్ దాచుకుంటే దాని విలువలు అన్ని థీమ్‌లకూ పాకుతాయి కాబట్టి వన్నె ఆ పేరును ఒప్పుకోదు.

రంగుల పేర్ల విషయంలో ఇంకొంచెం ఆగవలసి వచ్చింది. ఐడిల్ క్లాసిక్‌లో ఎంపిక చేసిన భాగం వెనుక రంగు సంఖ్యలలో కాకుండా గ్రే అన్న పేరుతో ఉంది. పేరును రంగుగా మార్చేది ఐడిల్ విండోలను గీసే టీకే గ్రాఫిక్స్ వ్యవస్థ. టీకే 8.6 సంచికలో గ్రే, గ్రీన్, మెరూన్, పర్పుల్ అనే నాలుగు పేర్లకు అర్థం మారింది. అంతకుముందు ఎక్స్ విండో వ్యవస్థ నుంచి వచ్చిన విలువలు ఉండేవి, ఆ తరువాత వెబ్ ప్రమాణంలోని విలువలు వచ్చాయి. 0 నుంచి 255 వరకు ఉండే మెట్లలో పాత గ్రే 190 మెట్టు మీద ఉండగా కొత్త గ్రే 128 మెట్టు మీద ఉంది. ఒకే ఫైల్ రెండు యంత్రాలలో రెండు రకాలుగా కనిపించకూడదు కనుక, ఏ పేరు ఎదురైనా వన్నె దానిని టికింటర్ (పైతాన్ నుంచి టీకేను వాడుకునే మాడ్యూల్) ద్వారా అప్పటికప్పుడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంఖ్యలుగా మార్చి, ఆపై సంఖ్యలనే దాస్తుంది.

ఫిబ్రవరి

కొలత లేకుండా సవరణ లేదు కాబట్టి, ఏ రెండు రంగుల మధ్యనైనా కాంట్రాస్ట్‌ను, అంటే వెలుగులో తేడాను లెక్కించే భాగం రాశాను. దీనికి వెబ్ పేజీలు అందరికీ చదవడానికి వీలుగా ఉండడం కోసం ఏర్పరచిన డబ్ల్యూసీఏజీ ప్రమాణంలోని సూత్రాన్నే తీసుకున్నాను. ముందుగా మూడు రంగు విలువలను తెర మీది అసలు కాంతి ప్రమాణాలుగా మార్చాలి. ఆ తరువాత ఎరుపును 0.2126తో, ఆకుపచ్చను 0.7152తో, నీలాన్ని 0.0722తో గుణించి కూడితే సాపేక్ష కాంతి వస్తుంది. మన కంటికి వెలుగు అనిపించే దానిలో ఆకుపచ్చ వాటా ఎంత పెద్దదో, నీలం వాటా ఎంత చిన్నదో ఈ మూడు అంకెలే చెబుతాయి. రెండు రంగుల సాపేక్ష కాంతులకూ 0.05 చొప్పున కలిపి, పెద్ద దానిని చిన్న దానితో భాగిస్తే వచ్చేదే కాంట్రాస్ట్ నిష్పత్తి. తెలుపు మీద నలుపుకు ఇది 21 అవుతుంది. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని ఆ ప్రమాణం అంటుంది.

ఈ కొలబద్దను ఐడిల్ థీమ్‌ల మీద పెట్టి చూశాను. ఐడిల్ క్లాసిక్‌లో తెల్లని పేజీ మీద కీవర్డు నారింజ రంగుకు వచ్చిన నిష్పత్తి 2.66 మాత్రమే, స్ట్రింగ్ ఆకుపచ్చకు 3.11. కామెంట్ ఎరుపు 5.15తో గట్టెక్కింది. నీలం రంగులో వచ్చే ఫంక్షన్ (పేరు పెట్టిన కోడ్ భాగం) పేర్లు 8.59తో రంగు అక్షరాలలో అన్నిటికంటె స్పష్టంగా ఉన్నాయి. ఐడిల్ డార్క్‌లో ముదురు నీలం పేజీ మీద అదే కామెంట్ ఎరుపుకు 3.13, ఫంక్షన్ పేర్లకు 3.47 వచ్చాయి. తెల్ల పేజీ కోసం ఎంచిన ఎరుపును చీకటి పేజీలోకి యథాతథంగా తీసుకుపోతే జరిగేది ఇదే. కామెంట్లు మసకగా ఉన్నా ఫరవాలేదనే వారు చాలామంది ఉన్నారు. నేర్చుకునే వారి విషయంలో నేను దానిని ఒప్పుకోలేను, ఎందుకంటే మా పాఠాలలో ప్రోగ్రామ్ కంటె దాని పక్కన రాసిన వివరణే ముందు చదవవలసినది.

ఫిబ్రవరి చివరి వారం

పుత్తూరు నుంచి బస్సులో వచ్చే ఒక విద్యార్థి ఈ అంకెలన్నీ చూసి ఒక మాట అన్నాడు: “సార్, ఈ నారింజ, పచ్చ, ఎరుపు మూడూ నాకు ఒకే మాదిరి కనపడతా ఉండాయి. కోట్స్ ఉండేది చూసుకొని ఇది స్ట్రింగని తెలుసుకుంటా ఉండాను.” ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా కనిపెట్టలేకపోవడం పురుషులలో అరుదేమీ కాదు, ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి స్త్రీలలో చాలా తక్కువ.

ఆ అబ్బాయి కంటికి మన రంగులు ఎలా కనిపిస్తాయో లెక్కకట్టే పద్ధతులున్నాయి. మచాదో, ఒలివేరా, ఫెర్నాండెస్ అనే ముగ్గురు 2009లో ప్రచురించిన నమూనాను తీసుకున్నాను. అది మూడు వరుసలు, మూడు నిలువుల అంకెల పట్టిక మాత్రమే కాబట్టి, పాత కంప్యూటర్లకు కూడా భారం కాదు. దీనిని కాంతి ప్రమాణాల మీద వర్తింపజేయాలి గాని, ఫైల్‌లో ఉండే రంగు సంఖ్యల మీద నేరుగా కాదు. ఆకుపచ్చను గ్రహించే కణాలు అసలే లేని వారికి ఐడిల్ క్లాసిక్ ఎలా కనిపిస్తుందో గణిస్తే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంఖ్యలలో కీవర్డు నారింజ 192, 170, 0గాను, స్ట్రింగ్ ఆకుపచ్చ 159, 142, 36గాను, కామెంట్ ఎరుపు 141, 124, 0గాను వచ్చాయి. ఒకే ఆవపిండిని పలుచగా, చిక్కగా కలిపినట్టు మూడూ ఒకే జాతి రంగులు. తెర మీద ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గదిలో తక్కిన విద్యార్థులు కూడా కాసేపు మాట్లాడలేదు.

ఇక్కడి నుంచి వన్నె దారి మారింది. కాంట్రాస్ట్ అంటే అక్షరానికీ పేజీకీ మధ్య ఉన్నది ఒకటే కాదు. అక్షరానికీ పక్క అక్షరానికీ మధ్య కూడా తేడా ఉండాలి, ఆ తేడా మామూలు చూపుకూ, ఎరుపు కణాలు లేని చూపుకూ, ఆకుపచ్చ కణాలు లేని చూపుకూ, మూడింటికీ నిలవాలి. అలాగని అన్ని జతలనూ ఒకే తూకంలో చూడడం వృథా. డెఫ్ అన్న కీవర్డు వెంటనే ఎప్పుడూ ఫంక్షన్ పేరే వస్తుంది. ప్రింట్ అన్న అంతర్నిర్మిత (భాషలో ముందే ఉన్న) పేరు పక్కన తరచుగా స్ట్రింగ్ ఉంటుంది. ఫంక్షన్ మొదట్లో మూడు కోట్ల మధ్య రాసే వివరణను ఐడిల్ స్ట్రింగ్ రంగులోనే చూపుతుంది, దాని కిందే కామెంట్ వస్తే రెండూ కలిసిపోతాయి. ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే డీబగ్గర్‌లో ఆగే చోటును చూపే రంగూ, షెల్‌లో తప్పును చూపే రంగూ ఒకే చోట కలుసుకునే సందర్భం దాదాపు లేదు. అందువల్ల పక్కపక్కన వచ్చే జతల పట్టిక ఒకటి చేత్తో రాసి, ఆ జతల మధ్యనే తేడాను కొలిచేలా చేశాను.

ఐడిల్ థీమ్‌లో రంగు తప్ప మరో సాధనం లేకపోవడం ఇక్కడ కష్టమైంది. కొన్ని ఎడిటర్లలో కీవర్డులను బొద్దుగా, కామెంట్లను వాలుగా చూపవచ్చు. ఐడిల్ ఫైల్‌లో అక్షరం రంగు, వెనుక రంగు తప్ప దేనికీ చోటు లేదు. పుత్తూరు అబ్బాయి కోసం చేసిన మొదటి థీమ్‌లో కీవర్డులకు ముదురు నీలం, స్ట్రింగ్‌లకు 160, 82, 0 అనే గోధుమ వన్నె, కామెంట్లకు 110 మెట్టు బూడిద రంగు ఇచ్చాము. గోధుమ వన్నెకు తెల్ల పేజీ మీద 5.67, బూడిదకు 5.10 వచ్చాయి. వెలుగులో ఈ రెండూ దగ్గరగానే ఉన్నా, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కంటికి కూడా గోధుమ పసుపు వైపు ఒరుగుతుంది, బూడిద ఏ వైపుకూ ఒరగదు. నీలం, పసుపు దిశలో తేడా వారికి చక్కగా తెలుస్తుంది.

మార్చి

రంగును ఏ అంకెలతో పట్టుకొని జరపాలన్నదే ఈ నెలంతా ఆలోచన. ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్లయిడర్లతో రంగు ఎంచుకోవడం యంత్రానికి సహజమే గాని మనిషికి కాదు. రంగుల పెట్టెలలో తరచు కనిపించే హెచ్‌ఎస్‌ఎల్ పద్ధతిలో వర్ణం, గాఢత, వెలుగు అనే మూడు పిడులుంటాయి కాబట్టి మొదట అది సులువుగా తోస్తుంది. దానిలోని వెలుగు మాత్రం నమ్మదగినది కాదు. హెచ్‌ఎస్‌ఎల్ లెక్కలో పూర్తి పసుపుకూ, పూర్తి నీలానికీ వెలుగు ఒకటే, 50 శాతం. అదే తెల్లని పేజీ మీద పెడితే పసుపుకు వచ్చే కాంట్రాస్ట్ 1.07, నీలానికి 8.59. ఒకటి కంటికి ఆనదు, మరొకటి గీసినట్టు కనిపిస్తుంది. వర్ణం పిడి మాత్రమే తిప్పుతున్నాననుకునే విద్యార్థికి తెలియకుండానే అక్షరం మాయమైపోతుంది.

అందుకని కంటికి తోచే వెలుగును అనుసరించే ఓకేల్యాబ్ అనే రంగుల లెక్కను ఎంచుకున్నాను. బ్యోర్న్ ఒట్టోసన్ 2020 డిసెంబరులో దీనిని ప్రకటించాడు. ఇలాంటిదే అయిన 1976 నాటి సీఐఈల్యాబ్ పద్ధతి కంటె ఇందులో నీలాల నడక సవ్యంగా ఉంటుంది, పైగా గణితం కూడా చిన్నదే: ఒక పట్టికతో గుణకారం, మూడు ఘనమూలాలు, మరో పట్టికతో గుణకారం. ఇందులో పసుపు వెలుగు 0.968, నీలం వెలుగు 0.452. కంటికి తోచే తేడాకు ఇది సరిపోతుంది. వెలుగు పిడిని కదపకుండా వర్ణం పిడిని ఎంత తిప్పినా అక్షరం చదవడానికి వీలుగానే ఉంటుంది కాబట్టి, నేర్చుకునే వారి చేతికి ధైర్యంగా ఇవ్వవచ్చు.

దీనితో వచ్చే చిక్కు ఒకటుంది. ఓకేల్యాబ్‌లో రాయగలిగిన ప్రతి రంగునూ మామూలు తెర చూపలేదు. వెలుగు ఎక్కువగా, గాఢత కూడా ఎక్కువగా ఉన్న ఎరుపును అడిగితే ఎరుపు విలువ 255ను దాటిపోతుంది. దాటిన దానిని 255 దగ్గర నరికేస్తే వర్ణమే పక్కకు జరుగుతుంది. వన్నె అలా నరకదు. వర్ణాన్నీ వెలుగునూ పట్టుకొని, గాఢతను మాత్రమే సగాలుగా తగ్గిస్తూ, పెంచుతూ, తెర పట్టగలిగిన అంచుకు చేరుస్తుంది. ఐడిల్ డార్క్‌లో మసకబారిన కామెంట్ ఎరుపును ఈ దారిలో 4.5కు పెంచితే అది గులాబీ వైపు వాలుతుంది. ఎరుపుగానే ఉండాలని కొందరు పట్టుబట్టారు గాని, అంత చీకటి పేజీ మీద చదవగలిగేంత వెలుగు ఉండి, పూర్తి గాఢత కూడా ఉన్న ఎరుపు ఈ తెరలలో లేదు.

సాధనం ముందు పుట కూడా ఈ నెలలోనే స్థిరపడింది. వాడుకరి ఎంచుకోవలసినవి పేజీ రంగు, మామూలు అక్షరం రంగు, మూడు నాలుగు ప్రధాన వర్ణాలు మాత్రమే. వాటి నుంచి తక్కిన విలువలన్నిటినీ వన్నె పుట్టిస్తుంది. ప్రతి దానికీ నేను ఒక వెలుగు స్థాయి కేటాయించాను. మామూలు అక్షరం పేజీకి అన్నిటికంటె దూరంగా, ఫంక్షన్ పేరు దాని తరువాత, కీవర్డు, అంతర్నిర్మిత పేరు మధ్యలో, స్ట్రింగ్, కామెంట్ ఇంకొంచెం దగ్గరగా ఉంటాయి. ఏదీ 4.5కు లోపల దిగదు. వర్ణం ఎవరిష్టం వారిది. ఈ మెట్ల వరుసను మార్చాలంటే మాత్రం లోపలి పుట తెరవాలి. మొదట చూసేవారికి ఇది కట్టడిలా అనిపించవచ్చు గాని, ముప్పై పిడులు ఒకేసారి ముందు పెట్టడం స్వేచ్ఛ అని నేను అనుకోను.

మార్చి చివర

శ్రీకాళహస్తి నుంచి వచ్చే విద్యార్థిని ఇంట్లో కలంకారీ పని ఉంది. పాలలో కరక్కాయ కలిపి నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద, తుప్పు పట్టిన ఇనుమునూ బెల్లాన్నీ పులియబెట్టి తీసిన నలుపుతో ముందు గీతలు గీస్తారు. ఎరుపు, పసుపు, నీలం ఆ తరువాత పడతాయి. ఆ రంగులతో ఒక థీమ్ చేస్తానని ఆమె అడిగింది. వన్నెకు ఇది మంచి పరీక్ష అనిపించి, ఇంటి నుంచి తెచ్చిన గుడ్డ ముక్కను ఫోటో తీసి రంగులు ఎంచుకోమన్నాను.

పేజీకి 248, 240, 220 అనే మీగడ వన్నె పెట్టుకుంది. దాని మీద 31, 58, 110 నీలిమందు రంగుకు 9.79, 150, 40, 30 ఎరుపుకు 7.06 వచ్చాయి. ఇబ్బంది పసుపుతోనే. గుడ్డ మీద ఎంతో నిండుగా కనిపించిన 196, 154, 40 పసుపు అక్షరంగా పెడితే 2.31 దగ్గర ఆగిపోయింది. వన్నె దానిని 4.5కు దించితే అది పసుపు కాకుండా పోయి, ముదురు తేనె రంగుకు తిరిగింది. “అది మా పసుపు కాదు సార్” అంది ఆ అమ్మాయి, సరిగానే అంది. చివరికి పసుపును అక్షరాల నుంచి తీసేసి, ఎంపిక చేసిన భాగానికి వెనుక రంగుగా పలుచగా వాడాము. గుడ్డ మీదైనా పసుపు పెద్ద జాగాలను నింపడానికే గాని సన్నని గీతలకు రాదని ఆమె చెప్పింది. ఇప్పుడు వన్నెలో పేజీతో పోల్చి 3 కంటె తక్కువ నిష్పత్తి ఉన్న రంగును ఎంచుకుంటే, దానిని ముదురు చేయడమా, వెనుక రంగుగా వాడడమా అని అడిగే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఈ థీమ్ మా గదిలో అన్నిటికంటె ఎక్కువమంది పెట్టుకున్నది.

ఏప్రిల్

ఎండలు ముదిరాయి. మా గదికి పడమటి వైపు కిటికీలున్నాయి. వాటిని మూస్తే ఉక్క, తెరిస్తే ప్రొజెక్టర్ తెర మీద వెలుగు. కంప్యూటర్ తెర మీద 4.5 దాటిన రంగులు గోడ మీద తేలిపోతున్నాయి. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. వెలుగు వేయకుండా ఆగగలదు, అంతే. గోడ మీద ముందే ఉన్న వెలుగే దాని నలుపు.

కాంట్రాస్ట్ సూత్రంలో రెండు వైపులా కలిపే 0.05 ఇలాంటి పరిసర కాంతి కోసమే ఉన్నది. అందుకని గది వెలుగు అనే పిడి ఒకటి పెట్టి, ఆ 0.05ను 0.2 వరకు పెంచుకునే వీలు కల్పించాను. ఇది ప్రమాణంలో ఉన్న పద్ధతి కాదు, నా అంచనా సాధనం మాత్రమే. అయినా ఫలితాలు గోడ మీద కనిపించే దానితో బాగానే కలుస్తున్నాయి. 0.2 దగ్గర తెలుపు మీద నలుపు 21 నుంచి 6కు పడిపోయింది. ఐడిల్ డార్క్‌లో మామూలు అక్షరం 16.1 నుంచి 5.6కు వచ్చింది. ఈ రెండింటికీ పెద్ద తేడా లేదన్నది గమనించదగినది. చీకటి థీమ్‌లు ప్రొజెక్టర్‌కు పనికిరావన్న మాట మామూలు అక్షరాల వరకు చూస్తే నిలవదు. అసలు నష్టం మధ్య వెలుగులో ఉన్న రంగులకే. అదే థీమ్‌లో కామెంట్ ఎరుపు 1.64కు, ఫంక్షన్ పేర్లు 1.75కు దిగిపోయాయి. ఐడిల్ క్లాసిక్ నారింజ కూడా 2.2 దగ్గర నిలిచింది. తరగతి కోసం విడిగా తయారు చేసిన థీమ్‌లో వర్ణాలను తగ్గించి, తెల్ల పేజీ మీద అన్ని అక్షరాలనూ ముదురు వైపుకు తోసేశాను. చూడడానికి ఏమంత అందంగా ఉండదు. వెనుక బెంచీ నుంచి చదవవచ్చు.

ఏప్రిల్ చివర

ముందుచూపు కిటికీ పని. రంగు మారుస్తుంటే ఫలితం అప్పటికప్పుడు కనిపించడానికి టికింటర్ టెక్స్ట్ విడ్జెట్‌లో (అక్షరాలు చూపే పెట్టెలో) అక్షరాలకు తగిలించే ట్యాగులు చాలు. ట్యాగు రంగు మార్చితే ఆ ట్యాగు ఉన్న అక్షరాలన్నీ ఒకేసారి మారుతాయి కాబట్టి, నమూనా ప్రోగ్రామ్‌కు చేత్తోనే ట్యాగులు వేశాను. విద్యార్థి తన సొంత ఫైల్‌ను తెరిచి చూసుకోవడానికి మాత్రం ఐడిల్ లోపల రంగులద్దే కోడ్ భాగాన్నే (క్లాస్‌నే) అరువు తెచ్చుకొని, అది రంగులను చదివే పద్ధతిని మార్చాను. ఐడిల్ లోపలి మాడ్యూళ్లు ఎప్పుడైనా మారవచ్చునని పైతాన్ వారు ముందే చెప్పి ఉన్నారు. అందుకని అవి అందకపోతే సాధనం మొత్తం ఆగిపోకుండా, నమూనా ప్రోగ్రామ్ వరకే చూపేలా కట్టుదిట్టం చేశాను.

నమూనాలో తెలుగు కామెంట్లు కూడా పెట్టాను, మా విద్యార్థులు రాసేది అలాగే కాబట్టి. విండోస్‌లో ఐడిల్ వాడే ఖతిలో (ఫాంట్‌లో) తెలుగు లేనప్పుడు వ్యవస్థ నిర్మలా యూఐ వంటి ఖతిని తెచ్చిపెడుతుంది. అదే పరిమాణంలో ఒత్తులు, గుడిదీర్ఘాలు సన్నబడి, ఆంగ్ల అక్షరాలకు చాలిన 4.5 వాటికి చాలడం లేదు. తెలుగు కామెంట్లు రాసే వారి కోసం కామెంట్ కనీస నిష్పత్తిని 6కు పెంచే టిక్ పెట్టె ఒకటి చేర్చాను. థీమ్ పేర్లను మాత్రం ఆంగ్ల అక్షరాలకే పరిమితం చేశాను. ఎన్‌కోడింగ్ (అక్షరాలను సంఖ్యలుగా దాచే పద్ధతి) చెప్పకుండా ఫైల్ తెరిచినప్పుడు విండోస్‌లో మేము వాడే పైతాన్ ఆ యంత్రపు స్థానిక కోడ్ పేజీని తీసుకుంటుంది కాబట్టి, తెలుగు పేరున్న ఒక్క థీమ్ మొత్తం ఫైల్‌ను చదవనీయకుండా చేయగలదు.

మే

దాచడంలో ఉన్న చిక్కు ఇప్పుడు తేటపడింది. ఐడిల్ మొదలయ్యేటప్పుడు థీమ్‌లను చదివి తనలో ఉంచుకుంటుంది. అది తెరిచి ఉండగా వన్నె కొత్త థీమ్‌ను ఫైల్‌లో చేర్చిందనుకుందాం. తరువాత వాడుకరి ఐడిల్ విండోలోనే ఏదో ఒక రంగు మార్చుకొని సరే అంటే, ఐడిల్ తన దగ్గరున్న పాత జాబితానే మొత్తంగా రాస్తుంది, వన్నె చేర్చిన థీమ్ పోతుంది. ఐడిల్ నడుస్తోందా అని ప్రతి వ్యవస్థలోనూ నమ్మకంగా కనిపెట్టడం కష్టం. అందువల్ల దాచే ముందు ఐడిల్ విండోలన్నీ మూయమని అడుగుతున్నాను. ప్రతి థీమ్‌కు వన్నె సొంత ఫోల్డర్‌లో విడి నకలు ఉంచి, తిరిగి చేర్చే మీట కూడా ఇచ్చాను.

ఆ విడి నకలు మరో అవసరానికి కూడా పనికివచ్చింది. చాలా కళాశాల ల్యాబులలో యంత్రం ఆపి తెరిస్తే వాడుకరి ఫోల్డర్ పాత స్థితికి వచ్చేస్తుంది. విద్యార్థులు ఇప్పుడు తమ థీమ్‌ను పెన్‌డ్రైవ్‌లో వన్నెతో పాటే పట్టుకెళ్లి, ల్యాబులో కూర్చోగానే చేర్చుకుంటున్నారు. పైతాన్‌తో వచ్చే మాడ్యూళ్లు తప్ప వన్నెకు మరేదీ అక్కరలేదు కనుక ఇన్‌స్టాల్ చేయడానికి ఎవరి అనుమతీ అడగనవసరం లేదు.

మిగిలిన పనులలో ముందు చేయవలసినది కర్సర్. చీకటి పేజీ ఎంచుకున్నప్పుడు దాని రంగు వన్నె మార్చుతోంది గాని, ఎంపిక చేసిన భాగం మీద కర్సర్ నిలిచినప్పుడు కనిపిస్తుందా లేదా అన్న పరిశీలన ఇంకా లేదు. ఆ జతను పట్టికలో చేర్చాలి. పుత్తూరు అబ్బాయి ఎరుపు, ఆకుపచ్చలతో పాటు నీలం, పసుపు తేడా తెలియని వారి చూపును కూడా ముందుచూపు కిటికీలో చేర్చే భాగం తానే రాస్తానన్నాడు. అంకెల పట్టిక ఇచ్చాను, జూన్‌లో కళాశాలలు తెరిచేలోపు పరీక్షించి చూస్తాము.